చావు రాని హీరో, చచ్చిపోయిన లోకం: ఈ ఐదు మాంగాల్లో ముందు ఏది పట్టుకోవాలి

2024 జూన్‌లో కల్కి చూసొచ్చిన రాత్రి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. అన్నా, ప్రభాస్ సంగతి పక్కన పెట్టు, ఆ అశ్వత్థామ ఉన్నాడు చూశావా, చావులేకుండా ఆరు వేల ఏళ్ళు అలా ఒక్కడే కూర్చోవడం ఏంటన్నా, అలాంటి హీరో ఉన్న మాంగా (అదే, జపాన్ బొమ్మల కథలు) ఏమైనా ఉంటే చెప్పు అన్నాడు. ఒకటి చెప్పి ఊరుకుంటే అయిపోయేది, నేను ఐదు చెప్పా, వాడు ఐదిట్లో ఏది ముందు అన్నాడు, అక్కడ మొదలైంది గోల. అప్పట్నుంచి ఇదే ప్రశ్న ఇంకో నలుగురు అడిగారు కాబట్టి ఒకేసారి రాసి పడేస్తే నాకు పీడా పోతుందని ఇది రాస్తున్నా.

ఆ ఐదూ ఇవి: ఫైర్ పంచ్, హోసెకి నో కునీ (ఇంగ్లీషులో లాండ్ ఆఫ్ ది లస్ట్రస్ అని వచ్చింది), బ్లేమ్, తెజుకా ఫీనిక్స్‌లో భవిష్యత్తు భాగం, ఇంకా యొకొహామా కైదాషి కికో. ఐదిట్లోనూ లోకం అయిపోయింది, ఐదిట్లోనూ హీరోకి చావు లేదు లేదా వయసు రాదు, ఐదుగురికీ ఉన్న తలనొప్పి ఒకటే, ఇన్నేళ్ళు బతికి ఏం చెయ్యాలి అని. కానీ చదువుతుంటే ఒకదానికీ ఇంకోదానికీ అసలు పొంతన ఉండదు. ఒకటి చదివి రెండ్రోజులు అన్నం సయించదు, ఇంకోటి చదివితే వెళ్ళి కాఫీ కలుపుకుని వరండాలో కూర్చోవాలనిపిస్తుంది. అందుకే పవర్స్ చూసో బొమ్మలు చూసో ఎంచుకోవద్దు. నేనైతే ఒక్కటే అడుగుతా, ఈ చావులేని మనిషికి పని ఎవరు పెట్టారు?

కల్కిలో అశ్వత్థామకి ఆ ఇబ్బంది లేదు చూడండి. శాపం పెట్టిన నోటితోనే కృష్ణుడు పని కూడా చెప్పేశాడు, పుట్టబోయేవాడి తల్లిని కాపాడు అని. ఎన్ని వేల ఏళ్ళైనా సరే, ఆయనకి కూర్చోవడానికి ఒక కారణం ఉంది. భారతంలో అసలు అశ్వత్థామకి అది కూడా లేదు, సౌప్తిక పర్వంలో మూడు వేల ఏళ్ళు ఒళ్ళంతా నెత్తురూ చీమూ కారుతూ మాట్లాడే తోడు లేకుండా తిరగమని వదిలేస్తాడు, అంతే. మీకు ఈ రెండో అశ్వత్థామ కావాలంటే ఫైర్ పంచ్ ఆయన కథే అనుకోండి.

ఫైర్ పంచ్ రాసింది తత్సుకి ఫుజిమోటో, ఆయనదే ఇంకో మాంగా చెయిన్‌సా మ్యాన్ కంటే ముందు, 2016 నుంచి 2018 దాకా షోనెన్ జంప్ ప్లస్ అనే వెబ్ పత్రికలో వచ్చింది, మొత్తం 8 వాల్యూములు. లోకమంతా మంచు. అగ్ని అని ఒక కుర్రాడు (అవును, మన అగ్నే, పేరు అదే), వాడి ఒళ్ళు ఎంత నరికినా మళ్ళీ మొలుస్తుంది, ఊళ్ళో తిండి లేదు కాబట్టి వాడి చెల్లెలు లూనా రోజూ వాడి చెయ్యి నరికి ఊరివాళ్ళకి పెడుతుంటుంది. ఇది మొదటి పేజీల్లోనే, అంటే మీకు పడుతుందో పడదో అక్కడే తెలిసిపోతుంది. తర్వాత దోమా అని ఒక సైనికుడొచ్చి వీళ్ళని చూసి నరమాంసం తినేవాళ్ళనుకుని ఊరు తగలబెడతాడు, ఆ మంట పట్టుకున్నదాన్ని పూర్తిగా కాల్చేదాకా ఆరదు. అగ్ని ఒళ్ళేమో కాలుతున్నకొద్దీ మొలుస్తూనే ఉంటుంది, మంట ఆరదు, వాడు చావడు. చెల్లెలు కాలిపోతూ బతుకు అంటుంది. ఎనిమిదేళ్ళు పడుతుంది వాడికి ఆ నొప్పితో లేచి నడవడానికి.

వాడికి పని పెట్టింది ఎవరు అంటే చచ్చిపోతున్న చెల్లి, ఒక్క మాటతో. కానీ బతుకు అంటే ఎందుకు బతకాలో చెప్పినట్టు కాదు కదా, అందుకని వాడు ఆ ఖాళీలో పగని పెట్టుకుంటాడు. మామూలు రివెంజ్ కథ అనుకుని మీరు సెటిల్ అయ్యేలోపు తోగాతా అని ఒక సినిమా పిచ్చి క్యారెక్టర్ కెమెరా పట్టుకుని దిగుతుంది, మూడొందల ఏళ్ళ వయసు, పాత సినిమాలన్నీ బట్టీ, అగ్నిని హీరోగా పెట్టి సినిమా తీస్తానంటుంది. ఇంక అక్కణ్ణుంచి వాడు నిజంగా పగ తీర్చుకుంటున్నాడా, పగ తీర్చుకునేవాడిలా నటిస్తున్నాడా అనేదే అసలు కథ, మధ్యలో జనం వాణ్ణి దేవుడు కూడా చేసేస్తారు. నాకు ఈ భాగం చాలా ఇష్టం, చివరి రెండు వాల్యూముల మీద మాత్రం ఇప్పటికీ ఒక నిర్ణయానికి రాలేదు, ఒకసారి చదివితే అద్భుతం అనిపించింది, ఇంకోసారి చదివితే రచయిత చేతిలోంచి జారిపోయింది అనిపించింది.

ముందే చెప్పేస్తున్నా, ఇది పెద్దవాళ్ళకే. లైంగిక హింస, అన్నాచెల్లెళ్ళ మధ్య ఉండకూడని ప్రస్తావనలు, ఆత్మహత్య, నరమాంసం, అన్నీ ఉంటాయి, దాచి చూపించడం ఉండదు. పదో క్లాసు చదివే తమ్ముడు అడిగితే ఇవ్వకండి, ఇచ్చి నా పేరు చెప్పకండి. మీరే ఈమధ్య మనసు బాలేక ఉంటే కూడా ఇప్పుడొద్దు, ఎక్కడికీ పోదు అది.

ఇప్పుడు హోసెకి నో కునీ. ఐదిట్లో నాకు అన్నిటికంటే గొప్పదనిపించేది ఇదే కాబట్టి దీని గురించి ఎక్కువ చెప్తా, విసుగొస్తే కింద పేరాలకి వెళ్ళిపోండి. హరుకో ఇచికావా 2012లో ఆఫ్టర్‌నూన్ పత్రికలో మొదలుపెట్టి మధ్యలో ఏడాదికి పైగా ఆపి చివరికి 2024 ఏప్రిల్‌లో ముగించింది. 13 వాల్యూములు, సరిగ్గా 108 చాప్టర్లు. 108 ఏదో కలిసొచ్చిన అంకె అనుకోకండి, జపమాల పూసల లెక్క, మొత్తం కథ బౌద్ధం మీద నిలబడింది. ఆరు ఉల్కలు పడి మనుషులు పోయారు, పోయి మూడు ముక్కలయ్యారు: ఎముక, మాంసం, ఆత్మ. ఎముక వంతు వచ్చినవాళ్ళు రత్నాలు, ఇరవై ఎనిమిది మంది, మనిషి రూపంలో ఉంటారు, విరిగితే అతికించొచ్చు, చావు లేదు. ఆత్మ వంతు వచ్చినవాళ్ళు చంద్రుడి మీదుంటారు, అప్పుడప్పుడూ మేఘం మీద పరివారంతో, అచ్చం పాత బౌద్ధ చిత్రాల్లో దేవతలు దిగొస్తున్నట్టు వచ్చి ఈ రత్నాల్ని ఎత్తుకుపోతుంటారు. ఎంత అందంగా గీస్తుందంటే, వాళ్ళు శత్రువులని గుర్తుపెట్టుకోవడానికే కాస్త టైం పడుతుంది.

హీరో పేరు ఫాస్ఫోఫిల్లైట్, అందరూ ఫాస్ అంటారు, గట్టిదనం మూడున్నర, అంటే వజ్రం పది అయితే మనవాడు మూడున్నర. వాడు అన్నానుగానీ వీళ్ళలో ఆడా మగా ఏమీ లేదు. వయసు 300 ఏళ్ళు, అయినా అందరికంటే చిన్న. యుద్ధానికి పనికిరాదు, కుట్టుకి పనికిరాదు, వైద్యానికి పనికిరాదు, ఇంట్లో అందరికీ ఉద్యోగాలొచ్చి ఒక్కడు మిగిలిపోతే చుట్టాలు ఎలా చూస్తారో మనకి తెలిసిందే కదా, ఫాస్ పరిస్థితి అదే, కాకపోతే మూడొందల ఏళ్ళుగా. చివరికి గురువు కొంగో జాలిపడి ఒక పని ఇస్తాడు, ఈ ద్వీపంలో ఉన్నవన్నీ చూసి ప్రకృతి విజ్ఞాన కోశం రాయమని. ఫాస్‌కి అది నచ్చదు. అదే టైంలో సిన్నబార్ అని ఇంకో రత్నం, ఒంట్లోంచి పాదరసం కారుతుంటుంది, ముట్టుకుంటే విషం, అందుకని ఎవరూ దగ్గరికి రారు, రాత్రుళ్ళు ఒక్కడే కాపలా కాస్తుంటాడు, ఎవరూ రాని రాత్రికి కాపలా ఎందుకో అతనికీ తెలుసు. ఫాస్ ఆవేశంలో మాటిచ్చేస్తాడు, నువ్వు మాత్రమే చెయ్యగల పని, ఈ రాత్రి కాపలా కంటే మంచిది, నేను వెతికి పెడతా అని.

తనకే పని లేనివాడు ఇంకోడికి పని వెతుకుతానని మాటివ్వడం, మొత్తం కథ దీని మీదే. ఆ మాట కోసం మారాలని మొదలుపెడతాడు. కాళ్ళు పోతాయి, వేరేవి పెడతారు, చేతులు పోతాయి, బంగారం ప్లాటినం కలిపినవి వస్తాయి. పోయిన ప్రతి ముక్కతో కొంత జ్ఞాపకం పోతుంది, బలం పెరుగుతుంది, పని చాతకాని ఆ అల్లరి ఫాస్ కొంచెం కొంచెంగా కనపడకుండా పోతాడు. పని దొరికింది గానీ పని కోరుకున్న మనిషి మిగల్లేదు, అలా ఉంటుంది. ఇదంతా సగం కూడా కాదు, మిగతాది చెప్పను, చెప్తే పాపం. తర్వాత తర్వాత వచ్చే పదివేల ఏళ్ళ మాట గురించి మాత్రం, చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే విడిగా మాట్లాడుకుందాం.

ఒక ఇబ్బంది ఉంది, బొమ్మల్లో అందరి మొహాలూ దాదాపు ఒకేలా ఉంటాయి, జుట్టుని బట్టి పోల్చుకోవాలి, నలుపు తెలుపులో మొదటి రెండు వాల్యూములు నేనైతే ఎవరెవరో తెలియక తెగ కన్ఫ్యూజ్ అయ్యా. దానికి మందు ఏంటంటే 2017లో ఆరెంజ్ స్టూడియో తీసిన యానిమే (జపాన్ యానిమేషన్ సిరీస్), 12 ఎపిసోడ్లు, త్రీడీ అంటే మొహం చిట్లించేవాళ్ళు కూడా దీన్ని మెచ్చుకున్నారు. ముందు అది చూస్తే రంగుల్ని బట్టి అందరూ గుర్తుండిపోతారు, ఆ తర్వాత మాంగా మొదటి నుంచి చదవండి. యానిమే కథ మధ్యలోనే ఆగిపోతుంది, అక్కడితో ఆపేస్తే మాత్రం మీరు చూసింది ఇంకేదో సరదా కథ, ఇది కాదు.

బ్లేమ్ గురించి చిన్నగా. త్సుతోము నిహెయ్, 1997 నుంచి 2003, 10 వాల్యూములు. యంత్రాలు ఆపమనేవాళ్ళు లేక కడుతూ కడుతూ పోయిన నగరం, దానికి అంతు లేదు, అందులో కిల్లీ అనేవాడు చేతిలో ఒక తుపాకీ పట్టుకుని నడుస్తుంటాడు. నెట్ టెర్మినల్ జీన్ ఉన్న మనిషి ఒక్కడు దొరికితే ఆ నగరంతో మళ్ళీ మాట్లాడొచ్చు, ఆ జీన్ లేదు కాబట్టే నగరం కాపలా వ్యవస్థ మనుషుల్ని దొంగల్లా చూసి చంపుతోంది. వాడికి ఈ పని ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో వాడికే సరిగ్గా గుర్తున్నట్టు ఉండదు, కానీ పని మాత్రం వదలడు. అర్థం వెతకడాలూ ఏడవడాలూ ఉండవు ఇందులో, నడక, మెట్లు, ఇంకా మెట్లు. నిహెయ్ కట్టడాల పనిలోంచి వచ్చినవాడు, ఆ బొమ్మలు చూస్తే తెలిసిపోతుంది, గోడ గీసినా దాని బరువు కనపడుతుంది. మాటలు చాలా తక్కువ కాబట్టి పది వాల్యూములూ రెండు ఆదివారాల్లో అయిపోతాయి, అయితే ఫోన్‌లో చదివితే దండగ, బొమ్మలో మనిషి చీమంత ఉంటాడు, ఫోన్‌లో అది కూడా కనపడదు. ట్యాబ్ లేదా పెద్ద సైజు పుస్తకం ఉంటేనే మొదలుపెట్టండి. కథ ఏంటి అని ప్రతి పేజీకి అడిగే అలవాటున్నవాళ్ళు అసలు మొదలుపెట్టొద్దు. నెట్‌ఫ్లిక్స్‌లో 2017లో సినిమా వచ్చింది, బానే ఉంటుంది గానీ అందులో ఊరు ఉంది, జనం ఉన్నారు, మాంగాలో ఉన్న ఆ ఒంటరితనం లేదు.

టైం అస్సలు లేదు, ఒకే ఒక్క వాల్యూమ్ చదువుతా అంటారా, తెజుకా దగ్గరికి వెళ్ళండి. ఒసాము తెజుకా ఫీనిక్స్ పెద్ద సిరీస్, ఒక భాగం గతంలో, ఒక భాగం భవిష్యత్తులో, రెండు వైపుల నుంచీ వర్తమానం దగ్గరికి వద్దామని ఆయన ప్లాను, 1989లో పోయారు, పూర్తికాలేదు. కానీ ఏ భాగానికాభాగం పూర్తి కథే, కాబట్టి భయపడక్కర్లేదు. భవిష్యత్తు భాగం 1967 చివర్లో కామ్ అనే పత్రికలో మొదలైంది. 3404వ సంవత్సరం, మనుషులు భూమి లోపల ఐదు నగరాల్లో బతుకుతుంటారు, ఆలోచన అంతా కంప్యూటర్లకి అప్పగించేశారు, రెండు నగరాల కంప్యూటర్లు మాట పట్టింపుకి పోయి యుద్ధం తెచ్చుకుని అన్నీ పేలిపోతాయి. దాదాపు అరవై ఏళ్ళ కిందట రాసింది ఇది. మసాతో అనే కుర్రాడికి ఫీనిక్స్ పక్షి చావు లేకుండా చేసి, మళ్ళీ జీవం పుట్టేదాకా నువ్వు చూస్తూ ఉండాలి అని చెప్పి పోతుంది.

మన మార్కండేయుడు ప్రళయ జలాల్లో ఒక్కడే తేలుతుంటే చివరికి మర్రాకు మీద పసిపిల్లాడైనా కనిపించాడు. మసాతోకి అదీ లేదు. ఒక పెట్టెలో ఎవరో మనిషి గడ్డకట్టి నిద్రపోతున్నాడు, ఐదు వేల ఏళ్ళకి లేస్తాడు అని తెలిసి, తోడు దొరుకుతుందని ఐదు వేల ఏళ్ళూ కాచుక్కూర్చుంటాడు. ఆ పెట్టె తెరిచే పేజీ దగ్గర నేను పుస్తకం మూసేసి కాసేపు అటూ ఇటూ తిరిగొచ్చా. తర్వాత గుల్ల లేని నత్తల జాతి బుద్ధి తెచ్చుకుని నగరాలు కట్టుకుంటుంది, అవీ కొట్టుకుంటాయి, నవ్వొస్తుంది, నవ్వాక బాగుండదు. బొమ్మలు పాతకాలం కార్టూన్లలా గుండ్రటి ముక్కులతో ఉంటాయి, ఈ తరం వాళ్ళకి మొదట పిల్లల పుస్తకంలా అనిపించొచ్చు, ఇరవై పేజీలు ఓపిక పట్టండి. ఇంగ్లీషులో విజ్ వాళ్ళు వేశారు, ఇప్పుడు ఆ ప్రతులు దొరకడం కష్టమే, పాత పుస్తకాలు అమ్మేవాళ్ళ దగ్గర కనిపిస్తే బేరం ఆడకుండా తీసేసుకోండి.

ఇక యొకొహామా కైదాషి కికో. పేరు పలకడానికే కష్టం, అర్థం చూస్తే యొకొహామాకి సరుకులు తేవడానికి వెళ్ళిన యాత్ర అని, అంత మామూలు పేరు. హితోషి అషినానో, 1994 నుంచి 2006, 14 వాల్యూములు, 2007లో సెయున్ అవార్డు (జపాన్‌లో సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చేది) వచ్చింది. సముద్రం పెరిగి ఊళ్ళు మునిగాయి, జనం తగ్గిపోయారు, రోడ్లు గడ్డిలోకి పోతున్నాయి, ఎందుకు ఏమైంది అని ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, ఎవరూ ఏడవరు కూడా, సాయంత్రం ఎండలా లోకం నెమ్మదిగా వాలిపోతుంటుంది. మియురా ద్వీపకల్పంలో ఆల్ఫా అనే రోబో అమ్మాయి ఒక చిన్న కాఫీ హోటల్ నడుపుతుంటుంది. ఓనర్ షాపు చూసుకో అని చెప్పి ఎటో ప్రయాణం వెళ్ళిపోయాడు, ఎప్పుడొస్తాడో తెలియదు. కస్టమర్లు రారు, వస్తే రోజుకి ఒకరో ఇద్దరో. పక్కన పెట్రోల్ బంకు ముసలాయన పుచ్చకాయలు తెచ్చిస్తాడు, ఈవిడ స్కూటర్ మీద కాఫీ గింజల కోసం వెళ్ళొస్తుంది, కెమెరాతో ఫొటో తీయాలా వద్దా అని ఒక రోజంతా ఆలోచిస్తుంది. ఇదీ కథ.

ఇలా చెప్తే ఏముంది ఇందులో అంటారు, నాకూ మొదటి రెండు వాల్యూములు అలానే అనిపించి పక్కన పెట్టేశా. తర్వాత ఒకసారి ఊరెళ్ళినప్పుడు మా అమ్మమ్మ వాళ్ళ వీధిలో సగం ఇళ్ళకి తాళాలు, పిల్లలంతా బయట దేశాల్లో, అయినా మూలన ఉన్న కిరాణా కొట్టు ఆవిడ మాత్రం పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లి షాపు తీస్తోంది, అప్పుడు గుర్తొచ్చింది ఆల్ఫా. వచ్చాక మళ్ళీ తీసి ఏకబిగిన చదివేశా. తకాహిరో అని చిన్న పిల్లాడు ఉంటాడు ఇందులో, మొదట్లో ఆల్ఫా నడుముదాకా కూడా రాడు, వాల్యూములు తిరుగుతుంటే పొడుగవుతుంటాడు, గొంతు మారుతుంది, పనికోసం వెళ్ళిపోతాడు. ఆల్ఫా మొహం మాత్రం అదే. చావులేకపోవడం అంటే మంటా యుద్ధమూ అని మిగతా వాళ్ళందరూ గీస్తే, ఈయన గుమ్మం దగ్గర పిల్లాడి ఎత్తు గీసి చూపించాడు.

పని ఎవరు పెట్టారు అంటే ఓనర్ పెట్టాడు, షాపు చూసుకో అని, అంత చిన్న పని. అగ్ని, ఫాస్ ఇద్దరూ అర్థం కోసం తమని తాము ముక్కలు చేసుకుంటారు. ఈవిడ ఆ షాపు చూసుకుంటూ ఉంటుంది, తుఫానుకి షాపు దెబ్బతింటే ఊళ్ళు చూడ్డానికి బయల్దేరుతుంది, మళ్ళీ వచ్చి కట్టుకుంటుంది. ఇంగ్లీషులో సెవెన్ సీస్ వాళ్ళు లావుపాటి సంపుటాలుగా వేశారు, కొనేట్టయితే ఐదిట్లో నేను డబ్బు పెట్టి కొనమని చెప్పేది ఇదే, ఎందుకంటే మిగతావి ఒకసారి చదివి లోపల పెట్టేస్తారు, ఇది మంచం పక్కనే ఉంటుంది.

టు యువర్ ఎటర్నిటీ అనే మాంగా ఎందుకు పెట్టలేదు అని అడుగుతారు, తెలుసు. అందులో ఫుషి పేరే చావులేనివాడు అని, చాలా మంచి కథ, మొదటి చాప్టర్ ఒక్కటి చదివినా ఏడుపొస్తుంది, కానీ అది లోకం అయిపోయాక జరిగే కథ కాదు, అందుకని పక్కన పెట్టా. ఫ్రీరెన్ అనే ఇంకో మాంగా కూడా అంతే, పైగా అందులో హీరోయిన్ ఎల్ఫ్, చాలా ఏళ్ళు బతుకుతుందే గానీ చావు లేదని కాదు.

సరే, ఏది ముందు. మాంగా కొత్త, కుడి నుంచి ఎడమకి చదవడమే ఇంకా అలవాటు కాలేదు అంటే యొకొహామా, ప్యానెల్స్ విశాలంగా ఉంటాయి, మాటలు తక్కువ, తప్పు వైపు చదివినా పెద్ద నష్టం లేదు. కల్కి చూసి ఆ ఊపులో ఉన్నారు, యాక్షన్ కావాలి, కడుపు గట్టిది అంటే ఫైర్ పంచ్. ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్ళు, లేదా ఉద్యోగం వచ్చాక నేను ఎవర్ని అయిపోయాను అనుకుంటున్నవాళ్ళు హోసెకి నో కునీ చదవండి, బాధగా ఉంటుంది, అయినా చదవండి. ఆర్కిటెక్చర్ సివిల్ వాళ్ళకి బ్లేమ్, వేరే వివరణ అక్కర్లేదు. వారాంతంలో ఒక్క మధ్యాహ్నం ఉంటే తెజుకా. ఐదూ చదువుతా అనే మొండివాళ్ళు మాత్రం ఫైర్ పంచ్ తర్వాత వెంటనే హోసెకి పెట్టుకోకండి, మధ్యలో యొకొహామా ఒక నాలుగు వాల్యూములైనా వేసుకోండి, నేను వేసుకోక ఒక నెల దెబ్బతిన్నా.

మా పిన్ని కొడుక్కి యొకొహామాతో మొదలుపెట్టరా అని చిలక్కి చెప్పినట్టు చెప్పా. వాడు ఫైర్ పంచ్ మొదలుపెట్టాడు. మూడోరోజు రాత్రి ఒంటిగంటకి మెసేజ్, అన్నా ఆ కెమెరా అమ్మాయి ఏంటన్నా అసలు, అని. నేనేం చెప్పలా, ఇంకో రెండు వాల్యూములు చదువు అని పెట్టి పడుకున్నా.